సీట్ల లెక్కను ప్రతిభ లెక్క అనుకుంటే

అమెరికాలో పేరున్న ఇంగ్లిష్ విభాగం ఏదైనా సరే, పీహెచ్‌డీ కోసం ఏటా వందల దరఖాస్తులు వస్తాయి. తీసుకునేది పదిమందికి అటూ ఇటూ. ఈమధ్య ఐదారుగురితో సరిపెట్టుకుంటున్న విభాగాలూ ఉన్నాయి. చరిత్ర, తత్వశాస్త్రం, కళాచరిత్ర... హ్యుమానిటీస్‌లో ఎటు చూసినా పరిస్థితి దాదాపు ఇంతే. మిగిలినవాళ్లందరికీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒకే మూసలో పోసిన ఉత్తరం వెళ్తుంది: అర్హులు చాలామంది ఉన్నారు, సీట్లు తక్కువ, అందుకే తీసుకోలేకపోతున్నాం. చదివినవాళ్లకు ఒళ్లు మండుతుంది. మర్యాదకు చెప్పిన అబద్ధంలా కనిపిస్తుంది. నిజానికి దరఖాస్తు మొదలైన దగ్గర్నుంచి విశ్వవిద్యాలయం చెప్పిన మాటల్లో అన్నిటికంటే నికార్సయినది అదే.

దాన్ని నమ్మడం ఎందుకు కష్టమంటే, అప్పటిదాకా ఫారం అడిగినవన్నీ మనిషికి సంబంధించిన ప్రశ్నలు. ఏం ఆలోచిస్తున్నావు, ఏం చదివావు, ఎలా రాస్తావు, నీ గురించి నీ గురువులు ఏమంటారు? ఇన్ని అడిగాక వచ్చిన 'కాదు' ఆ మనిషి మీద తీర్పులాగే వినిపిస్తుంది. ఎన్ని సీట్లు, ఏ రంగంలో, ఎవరి కింద అన్న లెక్క మాత్రం వేరేచోట, చాలాసార్లు దరఖాస్తులు తెరవకముందే, తేలిపోయి ఉంటుంది. ఈ రెండు లెక్కలూ ఒకటే అన్నట్టుగా ప్రక్రియంతా నడుస్తుంది. హ్యుమానిటీస్ దరఖాస్తుల్లో ఉండే చిరాకుల్లో ఎక్కువ భాగం అక్కడి నుంచే పుడుతుంది.

ముందు సీటు సంగతి. ఫండింగ్ ఉన్న ప్రోగ్రాంలో ఒకరిని తీసుకోవడమంటే ఐదారేళ్ల పాటు ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, స్టైపెండ్ ఇచ్చి, ఆరోగ్య బీమా కట్టడం. సైన్సు విభాగాల్లో ఈ భారంలో కొంత ప్రొఫెసర్ తెచ్చుకున్న పరిశోధన గ్రాంటు మోస్తుంది. సాహిత్యానికీ తత్వశాస్త్రానికీ ఆ స్థాయి గ్రాంట్లు దాదాపు ఉండవు. డబ్బు చాలావరకు విశ్వవిద్యాలయం సొంత ఖాతా నుంచే రావాలి. కాబట్టి బడ్జెట్ బిగిస్తే కత్తెర ముందు పడేది ఇక్కడే. 2020లో కోవిడ్ దెబ్బకు చాలా విభాగాలు మరుసటి ఏడాది పీహెచ్‌డీ ప్రవేశాలను ఆపేశాయి. 2024లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో గ్రాడ్యుయేట్ విద్యార్థి కార్మికులు నెలల తరబడి సమ్మె చేసి, ఏడాదికి కనీసం 45,000 డాలర్ల స్టైపెండ్ సాధించుకున్నారు. కొద్ది వారాలకే, ఇంగ్లిష్, చరిత్ర, తత్వశాస్త్రంతో కలిపి హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్‌లోని 12 ప్రోగ్రాంలకు మరుసటి ఏడాది ప్రవేశాలు నిలిపేస్తున్నట్టు ఆ విశ్వవిద్యాలయం చెప్పింది. 2025లో షికాగో విశ్వవిద్యాలయం హ్యుమానిటీస్ పీహెచ్‌డీ ప్రవేశాలను కొన్ని విభాగాల్లో తగ్గించి, కొన్నింటిలో పూర్తిగా ఆపింది. అదే ఏడాది అక్టోబరులో, రానున్న రెండేళ్లకు హార్వర్డ్ ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్‌లో సుమారు 60 శాతం పీహెచ్‌డీ సీట్లకు కోత పడుతుందని వార్తలు వచ్చాయి.

ఈ నెలలను ఒకసారి గమనించండి. దరఖాస్తుల గడువు డిసెంబరు మొదటి తేదీకీ జనవరి మధ్యకీ నడుమ ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో కోత ప్రకటన వెలువడేసరికి అభ్యర్థి ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఏం పరిశోధించాలనుకుంటున్నాడో చెప్పే వ్యాసం) నాలుగో చిత్తుప్రతిలో ఉంటాడు. ఏ విశ్వవిద్యాలయానికి ఏ ప్రొఫెసర్ పేరు రాయాలో వేసవి అంతా కూర్చుని తేల్చుకుని ఉంటాడు. మరి ఇలా ప్రకటించినవి నయం. సీట్లు తగ్గించి ఎక్కడా చెప్పని విభాగాలకు కూడా దరఖాస్తులు ఎప్పటిలాగే వస్తాయి, ఫీజులు ఎప్పటిలాగే జమవుతాయి.

బడ్జెట్ కోత లేని ఏడాది కూడా సీట్లు నిలకడగా ఉండవు. గత ఏడాది ఆఫర్ అందుకున్నవాళ్లలో అనుకున్నదానికంటే ఎక్కువమంది చేరిపోతే ఈ ఏడాది వాటా తగ్గుతుంది. ఉన్న ఎనిమిది సీట్లలోనూ సర్దుబాట్లు. మధ్యయుగ సాహిత్యంలో ఇప్పటికే ముగ్గురు విద్యార్థులు ఉన్నారు, కొత్తవాళ్లు వద్దు. పందొమ్మిదో శతాబ్దం చెప్పే ప్రొఫెసర్ రిటైరవుతున్నారు, ఆయన స్థానంలో ఎవరినీ వేయలేదు. వలసానంతర సాహిత్యానికి కొత్తగా ఒకరు చేరారు, ఆమెకు విద్యార్థులు కావాలి. దరఖాస్తుదారులకు ఇవేవీ కనిపించవు. ఒకసారి ఇలాంటి నిర్ణయం బయటి ప్రపంచానికి తెలిసింది. 2020లో షికాగో ఇంగ్లిష్ విభాగం, ఆ విడతలో బ్లాక్ స్టడీస్ (నల్లజాతీయుల చరిత్ర, సంస్కృతుల అధ్యయనం)లోనో దానితో ముడిపడిన అంశాల్లోనో పనిచేయాలనుకునేవారిని మాత్రమే తీసుకుంటామని ముందే ప్రకటించింది. పెద్ద దుమారం రేగింది. నిర్ణయం మంచిచెడుల మాట అలా ఉంచితే, ఆ ప్రకటన చదివిన మధ్యయుగ సాహిత్యం అభ్యర్థికి కనీసం ఒక దరఖాస్తు ఫీజు మిగిలింది. ఏదో ఒక రంగం వైపు మొగ్గడం ప్రతి విభాగమూ చేసే పనే. ముందుగా చెప్పడమే అరుదు.

బ్రిటన్‌లో ఇదే లెక్క మరో రూపంలో ఎదురవుతుంది. అక్కడ మొదటినుంచే పరిశోధన ప్రతిపాదన రాసి, సూపర్‌వైజర్‌ను వెతుక్కుని దరఖాస్తు చేయాలి. ప్రవేశం దొరకడం మరీ అంత కష్టం కాదు. డబ్బు దొరకడమే కష్టం. ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్ రీసెర్చ్ కౌన్సిల్ లాంటి సంస్థల నిధులకు వేరే పోటీ, వేరే గడువు, వేరే కమిటీ. సీటు వచ్చి స్కాలర్‌షిప్ రానివాళ్లు అక్కడ బోలెడుమంది. 'నువ్వు అర్హుడివే, కానీ ఖర్చు నీదే' అన్న జవాబు సూటి తిరస్కరణ కంటే మేలా కాదా అన్నది ఎవరి జేబును బట్టి వాళ్లు చెప్పాల్సిన మాట.

ఇక దరఖాస్తులోని కాగితాలు. వీటిలో అన్నిటికంటే చిక్కుముడి ఎస్‌ఓపీ. రెండు పేజీల్లో, సుమారు వెయ్యి పదాల్లో, రాబోయే ఆరేడేళ్లలో ఏం పరిశోధిస్తావో చెప్పాలి. మరీ విశాలంగా రాస్తే 'ఇంకా స్పష్టత లేదు' అంటారు. మరీ ఇరుకుగా రాస్తే 'ఇక్కడ నేర్చుకోవడానికి ఏం మిగిలింది' అంటారు. పైగా పీహెచ్‌డీలో చేరిన రెండుమూడేళ్లకు కోర్సులు, పెద్ద పరీక్షలు అయ్యేసరికి చాలామంది అంశం మారిపోతుందని కమిటీలో అందరికీ తెలుసు. అయినా మారదన్నంత నమ్మకంతో రాయాలి. ఇరువైపులా తెలిసి ఆడే నాటకం ఇది. అందులో సహజంగా నటించడం అప్పటికే పరిశోధన వాతావరణంలో పెరిగినవాళ్లకు ఒంటబట్టి ఉంటుంది. 'నాకు చిన్నప్పటి నుంచి పుస్తకాలంటే ఇష్టం' అని మొదలుపెట్టకూడదని వాళ్లకు ఎవరో ఒకరు ఎప్పుడో చెప్పి ఉంటారు. చెప్పేవాళ్లు లేనివాళ్లు అలాగే మొదలుపెడతారు. కమిటీ మొదటి వాక్యం దగ్గరే పెదవి విరుస్తుంది. పుస్తకాల మీద ఇష్టమే మనిషిని ఆ చదువు దాకా తీసుకొచ్చింది, ఆ ఒక్క మాటా అక్కడ అనకూడదు!

ఎస్‌ఓపీ చివరి పేరాలో 'ఫిట్' అనే గండం ఉంటుంది. ఈ విభాగమే ఎందుకు, ఇక్కడ ఎవరితో పనిచేస్తావు? దీనికోసం అభ్యర్థి ఒక్కో విభాగం పేజీ తిరగేసి, ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్ల వ్యాసాలు చదివి, వాళ్ల పేర్లు రాస్తాడు. పది విశ్వవిద్యాలయాలంటే పాతిక ముప్పై మంది ప్రొఫెసర్ల పని మీద ఎంతో కొంత అవగాహన ఉండాలి. వాళ్లలో ఒకరు వచ్చే ఏడాది వేరే ఊరు వెళ్లిపోతున్నారు, ఒకరు సెలవులో ఉంటారు, ఇంకొకరు పేరుకే ఆ విభాగం, కూర్చునేది మరో విభాగంలో. వెబ్ పేజీలో ఇవి ఉండవు. ముందుగా ఈమెయిల్ రాసి అడగవచ్చా అంటే, దానికీ ఒక పద్ధతి లేదు. కొందరు ప్రొఫెసర్లు రాయమంటారు, కొందరికి రాస్తే చిరాకు, ఎక్కువమంది జవాబివ్వరు. జవాబిచ్చినా 'మీ ప్రాజెక్టు ఆసక్తిగా ఉంది, దరఖాస్తు చేయండి' అనేదాకానే. ఆ ఒక్క వాక్యం మీద అభ్యర్థి నాలుగు నెలలు ఆశ పెట్టుకుంటాడు. హ్యుమానిటీస్‌లో ప్రవేశాన్ని నిర్ణయించేది సాధారణంగా కమిటీ, ఒక ప్రొఫెసర్ కాదు. ఆయన ఆసక్తి నిజమే కావచ్చు. కానీ ఆ ఏడాది కమిటీలో ఆయన లేకపోవచ్చు.

రైటింగ్ శాంపిల్ మరో కథ. పదిహేను నుంచి పాతిక పేజీల పరిశోధన వ్యాసం ఒకటి పంపాలి. ఒక విభాగం ఇరవై పేజీలంటుంది, మరొకటి పాతిక, ఇంకొకటి ఏడువేల పదాలు. పాదసూచికలు లెక్కలోకి వస్తాయో రావో కొన్నిచోట్ల రాసి ఉండదు. ఒకే వ్యాసాన్ని మూడు పొడవుల్లో కోసుకోవాలి. పాతిక పేజీల్లో నిలబడిన వాదన పదిహేను పేజీలకు వచ్చేసరికి కాళ్లు విరిగినట్టుంటుంది. ఇంత కష్టపడితే ఎవరు చదువుతారు? మొదటి వడపోతలో వందల ఫైళ్లను ముగ్గురో నలుగురో పంచుకుంటారు, వాళ్లకు ఆ పని తరగతులు, మార్కులు దిద్దడం వీటి మధ్యలో. అంత తక్కువ వ్యవధిలో శాంపిల్ మొదటి నాలుగు పేజీలు దాటి చదివించుకుంటే గొప్పే. పైగా చదివేవ్యక్తిది అదే రంగం అయి ఉండాలని లేదు. పదిహేడో శతాబ్దపు నాటకం మీద రాసిన వ్యాసం సమకాలీన కవిత్వం చెప్పే ప్రొఫెసర్ చేతిలో పడవచ్చు.

కమిటీ గదిలో ఏం జరుగుతుందో బయటివాళ్లు చూడటం అరుదు. జూలీ పోసెల్ట్ అనే విద్యారంగ పరిశోధకురాలు అమెరికా అగ్రశ్రేణి పీహెచ్‌డీ విభాగాల కమిటీ సమావేశాలను దగ్గరుండి గమనించి 2016లో ఫలితాలు వెలువరించారు. మొదటి వడపోతలో పరీక్ష స్కోర్లు, చదివిన కాలేజీ పేరు, మార్కుల సగటు ఎక్కువగా పనిచేస్తాయనీ, జాబితా చిన్నదయ్యాక మాత్రమే ఆలోచనలో కొత్తదనం లాంటి ప్రశ్నలు పైకి వస్తాయనీ అందులో తేలింది. అభ్యర్థి నెలలు పోసి తయారుచేసిన కాగితాలకు బరువు రెండో దశలో అన్నమాట. మొదటి దశలో నిలబెట్టేవి చాలావరకు అంతకుముందే ఖాయమైపోయాయి.

సిఫార్సు లేఖలు మూడు కావాలి. ఇక్కడి చిరాకు అభ్యర్థి చేతిలో లేనిది. తన భాగం నవంబరులోనే పూర్తిచేసి కూర్చున్నా, ప్రొఫెసర్ డిసెంబరు పదిహేను అర్ధరాత్రి దాకా లేఖ పెట్టకపోతే పోర్టల్ 'అసంపూర్ణం' అని ఎర్రగా చూపిస్తూనే ఉంటుంది. గుర్తుచేస్తే విసుగు, చెయ్యకపోతే టెన్షన్. 1974 నాటి అమెరికా చట్టం ప్రకారం విద్యార్థికి తన విద్యా రికార్డులు చూసే హక్కుంది, చేరిన తర్వాత ఈ లేఖలు కూడా అందులోకి వస్తాయి. కానీ ఆ హక్కు వదులుకుంటున్నానని ఫారంలో టిక్కు పెట్టకపోతే లేఖకు విలువ ఉండదన్నది అందరికీ తెలిసిన రహస్యం. అందరూ టిక్కు పెడతారు. ఇంకో వైరుధ్యం ఉంది. డిగ్రీలో విద్యార్థికి నిజంగా దగ్గరగా చదువు చెప్పింది తరచు కాంట్రాక్టు అధ్యాపకులు. వాళ్ల లేఖకు పేరున్న ప్రొఫెసర్ లేఖకున్న పలుకుబడి ఉండదు. పేరున్న ప్రొఫెసర్‌కేమో వందమంది తరగతిలో ఈ విద్యార్థి ఎవరో గుర్తుండదు. ఏ పీహెచ్‌డీ కోసం దరఖాస్తు చేస్తున్నారో అది పూర్తిచేసినవాళ్లలో చాలామంది చివరికి ఆ కాంట్రాక్టు అధ్యాపకుల్లోనే చేరతారు.

జీఆర్‌ఈ బెడద కొంత తగ్గింది. చాలా హ్యుమానిటీస్ విభాగాలు దాన్ని వద్దన్నాయి. ఒకప్పుడు ఇంగ్లిష్ అభ్యర్థులను హడలగొట్టిన లిటరేచర్ సబ్జెక్ట్ టెస్టు 2021 తర్వాత లేనే లేదు. ఫీజులు మాత్రం అలాగే ఉన్నాయి. దరఖాస్తుకు వంద డాలర్లకు అటూ ఇటూ, స్టాన్‌ఫర్డ్‌లాంటి చోట 125. పది చోట్ల పెడితే వెయ్యి. ఫీజు మినహాయింపులు ఉన్నా, చాలాచోట్ల అవి అమెరికా పౌరులకూ శాశ్వత నివాసులకూ పరిమితం. విదేశీ అభ్యర్థికి పైన టోఫెల్, మార్కుల జాబితాల ధ్రువీకరణ ఖర్చు అదనం.

అన్నీ పంపాక జనవరి నుంచి ఏప్రిల్ దాకా నిశ్శబ్దం. రోజుకు నాలుగుసార్లు పోర్టల్ తెరిచి చూసుకోవడం. ఒక విభాగం ఆఫర్లన్నీ ఫిబ్రవరి మొదట్లోనే ఇచ్చేసినా, మిగతావాళ్లకు తిరస్కరణ మార్చి చివర్లో పంపుతుంది. మధ్యలో ఉన్న ఏడెనిమిది వారాలూ ఆ విభాగానికి చేతి కింద వెయిట్‌లిస్టు, అభ్యర్థికి ఊరికే ఎదురుచూపు. వెయిట్‌లిస్టులో ఉన్నట్టు చెబుతారు గానీ ఎన్నో స్థానమో చెప్పరు. విశ్వవిద్యాలయాల సంఘమైన కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానం ప్రకారం, ఫండింగ్‌తో ఆఫర్ వచ్చినవాళ్లను ఏప్రిల్ 15కి ముందే తేల్చుకోమని ఒత్తిడి చేయకూడదు. విద్యార్థికి రక్షణగా పెట్టిన నియమం అది, మంచిదే. కాకపోతే ఐదు ఆఫర్లు ఉన్నవాళ్లు చివరిరోజు దాకా తేల్చకపోతే, వాళ్లు వదిలిన సీటు కోసం కాచుకున్నవాళ్ల భవిష్యత్తు ఏప్రిల్ 15 సాయంత్రం ఒక ఫోన్ కాల్‌కి వేలాడుతుంది.

కొన్ని తిరస్కరణ ఉత్తరాల్లో చివర ఒక తీపి వాక్యం కూడా ఉంటుంది. పీహెచ్‌డీకి తీసుకోలేకపోయాం గానీ మా ఎంఏ ప్రోగ్రాంలో చేరవచ్చు అని. అది చాలావరకు సొంత ఖర్చు మీద చదవాల్సిన ఎంఏ. కొందరికి అది నిజంగానే మెట్టు అవుతుంది, మంచి శాంపిల్, మంచి లేఖలు సంపాదించి మళ్లీ ప్రయత్నిస్తారు. అయినా మనసు విరిగిన వారంలోనే బిల్లు చేతిలో పెట్టినట్టుండే ఆ ఆఫర్‌ను అభినందనగా చూడటం కష్టం. పీహెచ్‌డీ విద్యార్థి విభాగానికి ఖర్చు, ఎంఏ విద్యార్థి ఆదాయం. సీట్ల లెక్క ఇంత బాహాటంగా బయటపడే చోటు దరఖాస్తు ప్రక్రియలో మరొకటి లేదు.

ఇంత పోటీ పడి చేరాక ఉద్యోగాలైనా ఉంటాయా? భాషాసాహిత్యాల అధ్యాపకుల సంఘమైన మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ ఉద్యోగాల జాబితాలో 2007-08లో ఇంగ్లిష్‌కు 1,800 పైచిలుకు ప్రకటనలు వచ్చాయి. 2016-17 నాటికి అవి 851. సగానికి సగం పోయాయి. ఇలా అవుతుందని ముందే తెలియదా అంటే, ఒకప్పుడు అంచనాలు సరిగ్గా తలకిందులుగా ఉన్నాయి. ప్రిన్స్‌టన్ మాజీ అధ్యక్షుడు విలియం బోవెన్, జూలీ ఆన్ సోసాతో కలిసి 1989లో చేసిన అధ్యయనం, 1997 తర్వాత హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్‌లో పది ఉద్యోగాలకు ఏడుగురు అభ్యర్థులే ఉంటారని లెక్కగట్టింది. వయసైన ప్రొఫెసర్లు రిటైరవుతారు, ఖాళీలు ఏర్పడతాయి అనుకున్నారు. కానీ 1994 నుంచి ప్రొఫెసర్లకు నిర్బంధ పదవీ విరమణ రద్దయింది. ఖాళీ అయిన చోట్లలోనూ శాశ్వత పోస్టుకు బదులు కాంట్రాక్టు పాఠాలు వచ్చాయి. ఆ అంచనాను నమ్మి చేరిన తరం కొరత బదులు క్యూలో నిలబడింది.

అందుకే సీట్లు తగ్గించడమే న్యాయమని వాదించేవాళ్లున్నారు. ఉద్యోగం లేని డిగ్రీకి ఇరవైమందిని తీసుకుని, వాళ్లతో తక్కువ జీతానికి మొదటి సంవత్సరం విద్యార్థులకు పాఠాలు చెప్పించుకుని, ఏడేళ్ల తర్వాత చేతులు దులుపుకోవడం కంటే ఐదుగురిని తీసుకుని బాగా చూసుకోవడం మేలన్నది వాళ్ల మాట. కొట్టిపారేయలేం. కానీ ఇరవై సీట్లున్నప్పుడు కమిటీ ఒకరిద్దరి విషయంలో సాహసం చేసేది: పేరు తెలియని కాలేజీ నుంచి వచ్చినవాళ్లు, ముప్పై ఐదేళ్లకు మళ్లీ చదువుకు వచ్చినవాళ్లు, వింత అంశం పట్టుకున్నవాళ్లు. ఐదే ఉన్నప్పుడు తెలిసిన కాలేజీ, తెలిసిన ప్రొఫెసర్ లేఖ, ఇప్పటికే ఎంఏ పూర్తయి చేయి తిరిగిన శాంపిల్. సీట్లు తగ్గితే పోటీ అందరికీ ఒకేలా పెరగదు.

ఈ అభ్యర్థులకు అందరికంటే గట్టిగా 'వద్దు' అని చెప్పేది కూడా వాళ్ల ప్రొఫెసర్లే. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి ఈ దారి వద్దని అరగంట నచ్చజెప్పి, ఆ వారంలోనే అదే విద్యార్థికి బలమైన సిఫార్సు లేఖ రాస్తారు. రెండూ మనస్ఫూర్తిగానే.

ఇదంతా చీకట్లోనే జరగాలన్న నియమమేమీ లేదు. అమెరికాలో చాలా సైకాలజీ పీహెచ్‌డీ విభాగాలు వచ్చే ఏడాది ఏ ప్రొఫెసర్ విద్యార్థులను తీసుకుంటున్నారో, ఎవరు తీసుకోవడం లేదో పేరుపేరునా పేజీలో పెడతాయి. క్లినికల్ సైకాలజీ ప్రోగ్రాంలు గుర్తింపు నిలబెట్టుకోవాలంటే చదువు పూర్తికి ఎన్నేళ్లు పడుతోంది, ఎంతమంది మధ్యలో వదిలేశారు, ఖర్చెంత అన్న వివరాలు బయటపెట్టి తీరాలి. డ్యూక్ విశ్వవిద్యాలయం గ్రాడ్యుయేట్ స్కూల్ హ్యుమానిటీస్ సహా ఒక్కో పీహెచ్‌డీ ప్రోగ్రాంకు ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎందరిని తీసుకున్నారు, ఎందరు చేరారు అన్న పట్టికలు ప్రచురిస్తుంది. అవి చూస్తే అవకాశం ఎంతో ఒక అంచనా దొరుకుతుంది. అయితే అక్కడ ఉండేది గడిచిన ఏళ్ల లెక్క. ఈ డిసెంబరులో సీట్లెన్ని, వాటిలో మధ్యయుగ సాహిత్యానికి ఒకటైనా ఉందా అన్నది సెప్టెంబరు నాటికే విభాగంలో చాలామందికి తెలిసి ఉండవచ్చు. దరఖాస్తు పోర్టల్‌లో దానికి గడి లేదు.